గావోకావో ఇంగ్లీష్: గ్రామర్ అంతా వచ్చిన అమ్మాయికి పాసేజ్ ఎందుకు అర్థం కావడం లేదు?

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. మీరు సూజోలో ఉంటున్నారు. పక్క ఫ్లాట్‌లోని చైనీస్ అమ్మాయి హైస్కూల్ రెండో ఏడాది చదువుతూ గావోకావోకు, అంటే చైనాలో కాలేజీ ప్రవేశ పరీక్షకు, తయారవుతోంది. శనివారం సాయంత్రాలు గంటన్నరసేపు మీరు ఆమెకు ఇంగ్లీష్ చెబుతున్నారు, వాళ్లమ్మగారు మీకు చైనీస్ నేర్పుతున్నారు. అమ్మాయికి గ్రామర్ రూల్స్ అన్నీ నోటికి వచ్చు. అయినా రీడింగ్ పాసేజ్ ఇస్తే సగం తప్పులు. గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చెప్పాలా, పాసేజ్‌ల సంఖ్య పెంచాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ అక్కర్లేదు. ఆమె తప్పు చేసిన పాసేజ్‌లోంచే ఒక్క పొడుగు వాక్యం తీసుకుని, ఇద్దరూ కూర్చుని దాన్ని విప్పండి. ప్రతి వారం అదే పని చేయండి. నేను చైనాలో ఒక ప్రైవేట్ హైస్కూల్లో ఆరేళ్లు ఇంగ్లీష్ చెప్పాను. మొదటి రెండేళ్లు గ్రామర్ ఒక పీరియడ్, రీడింగ్ ఇంకో పీరియడ్ అని విడదీసి చెప్పి పిల్లల సమయం పాడుచేశాను. ఆ రెంటినీ కలిపాకే మార్కులు కదిలాయి. మీ అమ్మాయి లాంటి పిల్లలు అక్కడ ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకు రూల్స్ తెలియక కాదు. పొడుగు వాక్యంలో అసలు క్రియ ఏదో కంటికి ఆనదు, అంతే.

ముందు పరీక్ష సంగతి. చైనాలో ఇంగ్లీష్ పేపర్ అన్ని చోట్లా ఒకటి కాదు. షాంఘై, బీజింగ్, తియాన్‌జిన్ పేపర్లు వేరు. మీ సూజో ఉన్న జియాంగ్సు ప్రావిన్స్ పిల్లలు జాతీయ మొదటి పేపర్ రాస్తారు. మొత్తం 150 మార్కులు, రెండు గంటలు. లిజనింగ్‌కు 30. నాలుగు పాసేజ్‌ల మీద 15 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర మార్కులు. తర్వాత 'చీ శ్వాన్ ఊ', అంటే ఏడింటిలో ఐదు: పాసేజ్‌లో ఐదు ఖాళీలుంటాయి, ఇచ్చిన ఏడు వాక్యాల్లోంచి సరైనవి పెట్టాలి. దానికి పన్నెండున్నర. ఆ తర్వాత నాలుగు ఆప్షన్లతో మాటల ఖాళీలు 15 మార్కులకు, గ్రామర్ ఖాళీలు పది, అవీ 15 మార్కులకే. చివర రాసే భాగం 40: ఒక ఉత్తరం లాంటిది 15కి, సగంలో ఆపిన కథను ముందుకు నడిపించడం 25కి.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు పాసేజ్‌లూ, ఏడింటిలో ఐదూ కలిపితే 50 మార్కులు. గ్రామర్ అని విడిగా అడిగేది 15 మాత్రమే. ఆ 15 కూడా ఒక పాసేజ్ లోపలే ఉంటాయి. అంటే చదవడం రాకుండా గ్రామర్ మార్కులు కూడా రావు. ఈ సంగతి వాళ్లమ్మగారికి కాగితం మీద రాసి చూపించండి. లేకపోతే నాలుగో వారానికి ఆవిడ గ్రామర్ వర్క్‌బుక్ తెచ్చి మీ ముందు పెడతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు తెలుగువారు కావడం ఇక్కడ పెద్ద సాయం, అది మీకు తెలిసినట్టు లేదు. 'నేను నిన్న కొన్న పుస్తకం' అన్న మాటను చైనీస్‌లో ఎలా అంటారో వాళ్లమ్మగారిని అడగండి. 'వో జ్వోథ్యెన్ మాయ్ ద షూ' అంటారు. వో అంటే నేను, జ్వోథ్యెన్ అంటే నిన్న, మాయ్ అంటే కొను, షూ అంటే పుస్తకం. మధ్యలో ఉన్న 'ద', మన 'కొన్న'లో చివరనున్న 'న' చేసే పనే చేస్తోంది. వరస కూడా మాటకు మాట సరిపోయింది. ఇంగ్లీష్‌లో మాత్రం 'ది బుక్ దట్ ఐ బాట్ ఎస్టర్డే' అని పుస్తకం ముందుకొచ్చి, దాని వివరం వెనక్కి పోతుంది. మనకూ వాళ్లకూ వివరం ముందు, వస్తువు తర్వాత. ఇంగ్లీష్ వాళ్లకు వస్తువు ముందు, వివరం తర్వాత. చైనీస్ పిల్లలు ఇంగ్లీష్ పాసేజ్‌లో తడబడే చోట్లు చూస్తే చాలావరకు ఇక్కడే తేలతాయి.

ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న టీచర్‌కు ఈ ఇబ్బంది వివరిస్తే తెలుస్తుంది. మనకు వివరించక్కర్లేదు. చిన్నప్పుడు మనమూ ఇదే గోడకు తల కొట్టుకున్నాం.

రెండో సాయం ఇంకా పెద్దది. స్కూల్లో తెలుగు వ్యాకరణంలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం కదా. 'వచ్చాడు' సమాపకం, దానితో వాక్యం ముగుస్తుంది. 'వచ్చి, వస్తూ, వస్తే, రావడానికి, వచ్చిన' అసమాపకాలు, ఇంకేదో చెబితే గాని వాక్యం పూర్తికాదు. ఈ తేడా మన నాలుకకే తెలుసు. 'నేను లైబ్రరీకి వెళ్లాను పుస్తకం తెచ్చుకున్నాను' అనం, 'వెళ్లి తెచ్చుకున్నాను' అంటాం. చైనీస్‌లో క్రియకు ఇలాంటి ముద్ర ఏదీ పడదు. 'వో చ్యూ థూషూగ్వాన్ జ్యే షూ' అంటే 'నేను, వెళ్లు, లైబ్రరీ, అరువు తీసుకో, పుస్తకం'. రెండు క్రియలూ ఒకే రూపంలో పక్కపక్కన కూర్చుంటాయి. అందుకే ఆ పిల్లలు ఇంగ్లీష్‌లో 'దేర్ ఆర్ మెనీ పీపుల్ లైక్ దిస్ సాంగ్' అని రాస్తారు. వాళ్ల భాషలో అది నిక్షేపంలాంటి వాక్యం. ఇంగ్లీష్‌లో మాత్రం ఒక వాక్యానికి రెండు సమాపక క్రియలు తగులుకున్నాయి, మధ్యలో 'హూ' లేదు.

చైనీస్ స్కూళ్లలో అసమాపక క్రియల పాఠాన్ని 'ఫెయ్ వేయ్‌యూ' అంటారు. ఆ మాట వినగానే పిల్లలకు టెన్షన్. దాని మీద పేజీలకు పేజీలు పట్టికలుంటాయి. ఆ పట్టికలు మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చు కాబట్టి వాటి జోలికి పోకండి. ఆమెకు మూడు ప్రశ్నలు నేర్పండి. వాక్యంలో క్రియలు ఎన్ని ఉన్నాయి? వాటిలో వాక్యాన్ని ముగించగలిగినవి ఎన్ని? ముగించేవి ఒకటికన్నా ఎక్కువుంటే, వాటిని కలిపే మాటలు ఎక్కడున్నాయి? ముగించే క్రియలు మూడుంటే కలిపే మాటలు రెండుండాలి, రెండుంటే ఒకటి. 'దట్' లాంటి మాటను ఇంగ్లీష్ వాళ్లు కొన్నిసార్లు మింగేస్తారు, అప్పుడు అది ఎక్కడ మాయమైందో వెతికి పట్టుకోవాలి. ఈ ఒక్క లెక్కతో గ్రామర్ ఖాళీల్లో సగం పని అయిపోతుంది.

ఒక వాక్యం నేనే తయారుచేసి ఇస్తాను. 'ది ఓల్డ్ మ్యాన్ హూ సోల్డ్ నూడుల్స్ నియర్ ది స్కూల్ గేట్ హ్యాజ్ క్లోజ్డ్ హిజ్ షాప్ టు లివ్ విత్ హిజ్ డాటర్.' ఆమె చేతికి పెన్సిల్ ఇవ్వండి. 'సోల్డ్', 'హ్యాజ్ క్లోజ్డ్', 'లివ్' అని మూడు క్రియలు కనబడతాయి. 'లివ్' ముందు 'టు' ఉంది, కాబట్టి అది 'ఉండటానికి', ముగించేది కాదు. మిగిలినవి రెండు. కలిపే మాట ఒకటుండాలి, ఉంది, 'హూ'. ఆ 'హూ' ఏ క్రియను తనతో తీసుకుపోయింది? పక్కనున్న 'సోల్డ్'ను. కాబట్టి అసలు వాక్యం 'ముసలాయన కొట్టు మూసేశాడు'. మిగతాదంతా ఎవరా ముసలాయన, ఎందుకు మూశాడు అన్న వివరం. ఇప్పుడు 'హూ' నుంచి 'గేట్' వరకు చుట్టూ గీత గీయించి, ఆ ముక్కను చైనీస్‌లో చెప్పమనండి. అది దానంతటదే 'ద' ముందుకు వెళ్లిపోతుంది. మీరు అదే ముక్కను తెలుగులో చెప్పండి: 'స్కూల్ గేటు దగ్గర నూడుల్స్ అమ్మిన'. మీ రెండు భాషలూ ఒకే దారిలో వెళ్లడం చూసి ఆమె ముఖం వెలిగిపోతుంది. నా క్లాసులో తెలుగు వాక్యం బోర్డు మీద రాసిన రోజు పిల్లలు కుర్చీల్లోంచి లేచి వచ్చి చూశారు.

అసలు పరీక్షలో ఇది ఎలా వస్తుందో చూడండి. 2022లో జియాంగ్సు పిల్లలు రాసిన పేపర్లో గ్రామర్ ఖాళీల పాసేజ్ పాండాల జాతీయ పార్కు గురించి. అందులో ఆ పార్కు ఎల్లోస్టోన్ పార్కుకు దాదాపు మూడింతలని చెప్పే చోట 'త్రీ టైమ్స్' తర్వాత ఖాళీ, దాని తర్వాత 'సైజ్ ఆఫ్'. అక్కడ పడాల్సింది 'ది'. పక్కన ఏ మాటా ఇవ్వరు. చైనీస్‌లో 'ది', 'ఎ' లాంటివి లేవు, తెలుగులోనూ లేవు, కాబట్టి అక్కడ ఏదో లోటుందని చెవి చెప్పదు. ఏ సైజ్? ఫలానా పార్కు సైజ్. వెనకాల 'ఆఫ్' అంటూ ఏదో ఖాయం చేస్తున్నారా అని కన్ను ముందుకు పోవాలి. అదే పాసేజ్‌లో 'ఏరియాస్ దట్' తర్వాత ఖాళీ, బ్రాకెట్‌లో 'బీ' ఇచ్చారు. జవాబు 'వర్'. దానికి రెండు సంగతులు కావాలి. ఖాళీకి అసలు కర్త దట్ వెనకనున్న 'ఏరియాస్', అంటే బహువచనం. ఆ తర్వాత 'ప్రీవియస్లీ' ఉంది, అంటే గతం. ఒకటి వెనక్కి చూస్తే దొరుకుతుంది, ఇంకోటి ముందుకు చూస్తే. ఖాళీ దగ్గరే కూర్చున్న పిల్లకు రెండూ దొరకవు.

2023లో ఇదే భాగంలో షావ్‌లోంగ్‌బావ్ వచ్చింది, లోపల వేడి పులుసుండే ఆ ఆవిరి కుడుములు. మీరుండే వైపు దొరికేవే కదా. ఈ భాగంలో చైనా సంస్కృతికి సంబంధించిన విషయాలు తరచుగా వస్తాయి. కాబట్టి విషయం ఆమెకు తెలిసిందే, వాక్యం ఇంగ్లీష్‌ది. సాధన మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పాత పేపర్లలో గ్రామర్ ఖాళీల పాసేజ్‌లు తీసుకుని, ముందు జవాబులు నింపేసి, మామూలు రీడింగ్ పాసేజ్ లాగా చదివించండి. తర్వాతి శనివారం ఖాళీలతో ఇవ్వండి.

కాలాల గురించి ఒక మాట. చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి మారదు. 'ల' అనే చిన్న మాట పెడతారు, పిల్లలు దాన్ని గతకాలం అనుకుంటారు. నిజానికి అది పని పూర్తయిందని చెప్పేది. 'రేపు తిన్నాక వెళ్దాం' అనాలన్నా 'ల' వాడతారు. మనమూ అంతే కదా, రేపటి భోజనానికి కూడా 'తిన్నాక' అనే అంటాం. ఈ పోలిక ఒకసారి చెప్పి వదిలేయండి. 'హి', 'షి' తారుమారవడం గురించి అసలు కంగారు వద్దు. చైనీస్‌లో రెండింటికీ పలికే మాట ఒకటే, 'త'. రాతలో అక్షరాలు వేరు కాబట్టి రాసేటప్పుడు ఈ తప్పు తక్కువ. మాటల్లో దొర్లితే ఆపి దిద్దకండి, ఆమె మాట్లాడటమే మానేస్తుంది. 'ఆల్దో' పెట్టి మళ్లీ 'బట్' పెట్టడం మాత్రం దిద్దాలి. వాళ్ల భాషలో 'స్వేరాన్', 'దాన్‌ష్' జంటగానే వస్తాయి కాబట్టి చెయ్యి ఆగదు.

ఇక పాసేజ్‌లు. నాలుగింటిలో మొదటిది సాధారణంగా ప్రకటనో, సమాచార పత్రమో. రెండోది తరచుగా ఒక మనిషి అనుభవం. మూడూ నాలుగూ సైన్సు, సమాజం, పరిశోధనల గురించి. మీ అమ్మాయి తప్పులు ఎక్కడున్నాయో ముందు విడదీసి చూడండి. మూడు, నాలుగు పాసేజ్‌లలోనే ఉంటే ఇంతవరకు చెప్పిన వాక్యం విప్పే పనే మందు. మొదటి రెండింటిలో కూడా ఉంటే సమస్య వేరే, ఆమె ప్రశ్న సరిగ్గా చదవడం లేదు.

ఎక్కువమంది పిల్లలు ఆప్షన్ చూసి 'ఇది నిజమేగా' అనుకుని పెట్టేస్తారు. ఒక చిన్న ఉదాహరణ. ఒక ఊరి లైబ్రరీ రాత్రి పదకొండు దాకా తెరుస్తోందని పాసేజ్ అనుకోండి. ఫ్యాక్టరీ రెండో షిఫ్ట్ తొమ్మిదికి ముగుస్తుంది, ఆ కార్మికులు అడిగారు కాబట్టి వేళలు పెంచారు. చివర్లో కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారని ఒక వాక్యం. ప్రశ్న: వేళలు ఎందుకు పెంచారు? 'కాలేజీ పిల్లలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు' అన్న ఆప్షన్ పాసేజ్‌లో ఉన్నదే, నిజమే, కాని ఈ ప్రశ్నకు జవాబు కాదు. 'కార్మికులందరూ రాత్రిళ్లు చదువుతారు' అన్నది ఉన్నదాన్ని సాగదీసింది, 'అందరూ' అన్న మాట ఎక్కడా లేదు. 'చుట్టుపక్కల వేరే లైబ్రరీలు లేవు' అన్నది మన బుర్రలోంచి వచ్చింది, పాసేజ్‌లోంచి కాదు. ఈ మూడు రకాల ఉచ్చులు తెలిస్తే చాలా పేపర్లు దాటేయొచ్చు.

అందుకని ఒక నియమం పెట్టండి. ప్రతి జవాబుకూ పాసేజ్‌లో ఆధారమైన వాక్యం కింద గీత గీసి, పక్కన ప్రశ్న నంబర్ వేయాలి. గీత లేని జవాబు కరెక్టైనా తప్పుగానే లెక్క. మొదటి రెండు వారాలు ఆమెకు విసుగొస్తుంది, వేగం తగ్గుతుంది. పట్టు వదలకండి. ఒక క్లాసులో ఇది మొదలుపెట్టినప్పుడు చురుకైన అమ్మాయే ఎక్కువ గొడవపెట్టింది, 'లావ్‌ష్ (టీచర్), నాకు తెలిసిపోతోంది, గీత ఎందుకు?' అని. ఆమె పాత పేపరే తీసి, తెలిసిపోయిన ఆరు జవాబులకు గీత గీయమన్నాను. నాలుగింటికే ఆధారం దొరికింది. దొరకని ఆ రెండూ ఆ పేపర్లో తప్పులే. ఇంక గొడవ లేదు.

తప్పుల నోట్‌బుక్ చైనాలో దాదాపు ప్రతి విద్యార్థికీ ఉంటుంది, 'ఛ్వోథీబెన్' అంటారు. చాలామంది అందులో ప్రశ్న మొత్తం రంగు పెన్నులతో అందంగా ఎక్కించి, పక్కన సరైన జవాబు రాస్తారు. అందులో శ్రమ ఉంది గాని చదువు లేదు. మీ అమ్మాయిని రెండే లైన్లు రాయమనండి: నేను ఈ తప్పు ఎందుకు ఎంచుకున్నాను, ఏ వాక్యం చూసుంటే ఎంచుకునేదాన్ని కాదు. చైనీస్‌లో రాసినా పర్వాలేదు.

మాటల పట్టిక సంగతి కూడా చెప్పాలి. హైస్కూల్ అయ్యేసరికి సుమారు 3000 మాటలు రావాలని వాళ్ల పాఠ్య ప్రణాళికలో ఉంది. పిల్లలు అక్షర క్రమంలో ఉన్న పుస్తకం పట్టుకుని మొదటి పేజీలోని 'అబాండన్' నుంచి మొదలుపెడతారు, నెల తిరిగేసరికి మళ్లీ అక్కడికే వస్తారు. మాటకు ఒక్క చైనీస్ అర్థం కట్టేసుకోవడం ఇంకో చిక్కు. 'అడ్రస్' అంటే చిరునామా అని మాత్రమే తెలిసిన పిల్లకు 'అడ్రస్ ది ప్రాబ్లమ్' అని వస్తే ఏమీ తోచదు. పాసేజ్‌లో తెలిసిన మాటే తెలియని అర్థంలో వస్తే దాన్ని ఆ వాక్యంతో సహా రాసుకోవాలి. వారానికి పది చాలు.

ఏడింటిలో ఐదు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఖాళీకి ముందున్న వాక్యం, తర్వాతి వాక్యం చూసి 'దే', 'దిస్', 'హౌఎవర్' లాంటి మాటలు దేన్ని పట్టుకున్నాయో వెతకడమే. కథ కొనసాగించే భాగం మొదట 2016 అక్టోబర్‌లో జెజియాంగ్ పేపర్లో వచ్చింది, ఇప్పుడు మీ దగ్గరా ఉంది. రెండు పేరాల మొదటి వాక్యాలు ఇస్తారు, సుమారు 150 మాటలు రాయాలి. దాన్ని మూడో ఏడాదికి వదిలేయండి. విడదీసిన వాక్యాలను మళ్లీ కలపడం ఇప్పుడు అలవాటైతే అప్పుడు చెయ్యి దానంతటదే నడుస్తుంది.

మీ గంటన్నరను ఇలా వాడండి. మొదటి పావుగంట గ్రామర్ ఖాళీల పాసేజ్ ఒకటి, గడియారం పెట్టి. తర్వాత అరగంట దాని జవాబులు, 'ఎందుకు' అని అడుగుతూ. ఇంకో పావుగంట ఒకే ఒక్క రీడింగ్ పాసేజ్, గీతలతో. మిగిలిన అరగంటా అందులోంచి ఒక్క వాక్యం, పైన చెప్పినట్టు విప్పడం, చైనీస్‌లో చెప్పించడం, పుస్తకం మూసి తిరిగి ఇంగ్లీష్‌లో రాయించడం. హోంవర్క్ ఇవ్వకండి. ఆ పిల్లలు సాయంత్రం క్లాసులయ్యాక కూడా స్కూల్లోనే 'వాన్ జ్‌శీ' పేరుతో రాత్రి దాకా కూర్చుని చదువుతారు. శనివారం మీ దగ్గరకు వచ్చేసరికే అలసిపోయి ఉంటుంది. ముందు ఏదైనా తినిపించి, పది నిమిషాలు మామూలు కబుర్లు ఇంగ్లీష్‌లో చెప్పనివ్వండి. ఆ పది నిమిషాలు గంటన్నరకు పైన.

ఇంకొక్క జాగ్రత్త. వాళ్లు ప్రేమతో డబ్బు ఇవ్వబోతారు, తీసుకోకండి. అక్కడ విదేశీయులు తమ వర్క్ పర్మిట్‌లో లేని పని డబ్బుకు చేస్తే చిక్కులొస్తాయి. ఇప్పుడున్న చైనీస్ పాఠాల ఇచ్చిపుచ్చుకోవడమే బాగుంది.

ఈ శనివారానికి ఆమె ఇటీవలి పరీక్షలో తప్పుపోయిన నాలుగో పాసేజ్ తెమ్మనండి. అందులో అన్నిటికన్నా పొడుగు వాక్యం ఏదో ఆమెనే ఎంచుకోనివ్వండి, పెన్సిల్‌తో క్రియలు లెక్కపెట్టించండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ వాక్యంతో సహా నాకు రాయండి, అక్కడి నుంచి ముందుకు వెళ్దాం.